తొక్కితే ఎడమకి, వదిలితే కుడికి

బ్రేకు తొక్కగానే కారు ఎడమ పక్కకి లాగింది. పెద్దగా కాదు, స్టీరింగ్ మీదున్న చేతిని చంటిపిల్లాడు వేలు పట్టుకుని గుంజినంత. అర సెకనులో సర్దుకుని తిన్నగానే ఆగింది. రోడ్డు వాలేమో అనుకున్నాను. ఇంగ్లండ్‌లో కూడా మనలాగే ఎడమ పక్కన నడుపుతారు. వాన నీళ్లు నిలవకుండా రోడ్డును మధ్యలో ఎత్తుగా, అంచుల్లో పల్లంగా వేస్తారు కాబట్టి ఏ కారైనా కాస్త ఎడమకి ఒరుగుతుంది. మర్నాడు పొద్దున్నే సూపర్‌మార్కెట్ వెనక ఖాళీ పార్కింగులో, నేల చదునుగా ఉన్నచోట, అటు నుంచి ఇటొకసారి, ఇటు నుంచి అటొకసారి తొక్కి చూశాను. కారు మొహం ఎటున్నా లాగుడు మాత్రం ఎడమకే.

నాది 1971 నాటి ఎంజీబీ, బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. రెండు సీట్లు, మడిచిపెట్టే టాపు, ముందు చక్రాలకి డిస్క్ బ్రేకులు (చక్రంతో తిరిగే పళ్లేన్ని రెండువైపుల నుంచీ ప్యాడ్లు నొక్కి ఆపేవి), వెనక డ్రమ్ బ్రేకులు (తిరిగే డబ్బాను లోపలి నుంచి షూలు ఒత్తి ఆపేవి). 1962లో మొదలై 1980 దాకా ఆక్స్‌ఫర్డ్ దగ్గరి అబింగ్డన్‌లో తయారైంది. అన్ని రకాలూ కలిపి ఐదు లక్షలకు పైగా చేశారు గనక ఇప్పటికీ దాదాపు ప్రతి భాగమూ కొత్తది దొరుకుతుంది. అదే నా కొంప ముంచింది. దొరుకుతోంది కదా అని, ఆలోచించడం మానేసి కొనడం మొదలుపెట్టాను. మూడు వారాలు, రెండు లీటర్ల బ్రేక్ ఆయిల్, అక్కర్లేని ఒక క్యాలిపర్ (పిస్టన్లతో ప్యాడ్లను డిస్కు మీదికి నొక్కే భాగం) ఖర్చయ్యాక తేలిందేమిటంటే, లోపం జానెడు రబ్బరు గొట్టంలో ఉంది. అదీ ఎడమవైపు కాదు, కుడివైపు.

నేనెక్కడెక్కడ తప్పటడుగు వేశానో చెప్పుకుంటూ పోతే, ముందు బ్రేకులు సమంగా పట్టకపోవడం అనే ఈ తలనొప్పి ఎలా పుడుతుందో దానంతటదే తేలుతుంది.

ఎటు లాగితే అటే లోపమా?

ఎడమకి లాగుతోంది కాబట్టి ఎడమ చక్రంలోనే ఏదో ఉందనుకున్నాను. ఇది అందరూ చేసే పొరపాటే. రెండెడ్ల బండిలో ఎడమ ఎద్దు ఆగిపోయి, కుడి ఎద్దు నడుస్తూనే ఉంటే బండి ఎటు తిరుగుతుంది? ఎడమకే. బ్రేకూ అంతే. కారు ఎటు తిరిగిందంటే అటువైపు చక్రం ఆగుతోందని, అంటే తన పని తను చేస్తోందని అర్థం. రెండోది ఇంకా నడుస్తోంది.

ఎడమదే అవసరానికి మించి పట్టేస్తుండొచ్చు కదా అంటారేమో. ఉండొచ్చు, కానీ అరుదు. డిస్క్ బ్రేకులో ఏ భాగం చెడినా మామూలుగా పట్టు తగ్గుతుందే తప్ప పెరగదు. పిస్టన్ బిగుసుకుంటే తగ్గుతుంది, ప్యాడ్‌కి గ్రీజు అంటితే తగ్గుతుంది, డిస్కు తుప్పు పడితే తగ్గుతుంది. అందుకే ముందు చూడాల్సింది ఎదురువైపు. నేను చూడలేదు. ఎడమ క్యాలిపర్ కొత్తది తెప్పించి వేశాను. లాగుడు ఇసుమంత కూడా తగ్గలేదు.

అసలు లాగుడనేది ఒక చక్రంలో ఉండే వస్తువు కాదు. రెండు చక్రాల మధ్య ఉండే తేడా అది. రెండూ ఒకేలా చెడిపోతే కారు లాగదు, ఆగడం మాత్రం ఆలస్యమవుతుంది. ఈ సంగతి ముందే తలకెక్కి ఉంటే నాకు చాలా డబ్బులు మిగిలేవి.

రెండో తప్పు ఎయిర్ తీయడం. బ్రేకు ఏ వేషం వేసినా ముందు బ్లీడింగ్, అంటే పైపుల్లో చిక్కిన గాలిని బయటికి పంపడం, మెకానిక్కులకి అలవాటు, నాకూ అదే అంటింది. మా అబ్బాయిని పెడల్ తొక్కమని కూర్చోబెట్టి, క్యాలిపర్ మీద గాలి వదిలే చిన్న మర (నిపుల్) తిప్పుతూ, గాజు సీసాలోకి బుడగలు వస్తాయేమోనని చూస్తూ మూడు శనివారాలు గడిపాను. ఒక్క బుడగ రాలేదు. వచ్చి ఉన్నా లాభం లేదని తర్వాత అర్థమైంది. బడిలో చదువుకున్న పాస్కల్ సూత్రమే ఇక్కడ పనిచేస్తుంది: మూసి ఉన్న ద్రవంలో ఒకచోట ఒత్తిడి పెంచితే అది అన్ని మూలలకీ సమానంగా చేరుతుంది. ఎంజీబీలో ముందు చక్రాలు రెండూ ఒకే సర్క్యూట్ (ఆయిల్ దారి) మీద ఉంటాయి. 1968 నుంచి అమెరికాకి పంపిన కార్లలో సర్క్యూట్‌ను రెండుగా విడగొట్టారు గానీ, అది ముందుకొకటి వెనక్కొకటి. ముందు రెండూ అప్పుడూ కలిసే ఉన్నాయి. కాబట్టి కుడి క్యాలిపర్‌లో గాలి ఉంటే పెడల్ మెత్తగా, స్పాంజిలా లోపలికి దిగుతుంది. ఒత్తిడి మాత్రం రెండువైపులా ఒక్కలాగే తక్కువగా ఉంటుంది. గాలి వల్ల బ్రేకు బలహీనపడుతుందే గానీ, అదొక్కటే కారణమై ఇలా పక్కకి లాగదు. ఒకవైపు పైపు పొడుగు, ఇంకోవైపు పొట్టి అన్నది కూడా లెక్కలోకి రాదు.

మరి ఒత్తిడి సమానమే అయితే తేడా ఎక్కడ పుడుతుంది? రెండే దారులున్నాయి. ఒత్తిడి చక్రం దాకా సకాలంలో చేరకపోవడం ఒకటి. చేరినా, ఆ ఒత్తిడి రాపిడిగా మారకపోవడం ఇంకొకటి. ఇవి రెండూ కాకపోతే అసలు నేరం బ్రేకుది కాదు.

బ్రేకుది కాని నేరం

ఈ చివరిదాన్ని ముందు తేల్చుకోవడం మంచిది, ఎందుకంటే ఖర్చు లేదు. టైర్లలో గాలి రెండువైపులా ఒకటేనా? రెండూ ఒకే కంపెనీవేనా, ఒకే వయసువేనా? చక్రాన్ని జాకీ మీద లేపి పైనా కిందా పట్టుకుని ఊపితే బేరింగ్ ప్లే (వదులు) తెలుస్తుంది. ఎంజీబీలో ఆ ప్లే 0.05 నుంచి 0.1 మిల్లీమీటరు మధ్య ఉండాలి. అంతకు మించితే డిస్కు అటూ ఇటూ ఊగి, నడిచేటప్పుడే ప్యాడ్లను వెనక్కి తోసేస్తుంది. తర్వాత తొక్కినప్పుడు ఆ పిస్టన్ ఎక్కువ దూరం రావాలి, అటువైపు బ్రేకు ఆలస్యంగా అందుకుంటుంది.

ఈ కార్లలో అందరూ మర్చిపోయేది కింది విష్‌బోన్ (చక్రాన్ని ఛాసిస్‌కి కలిపే చేయి) బుష్‌లను, అంటే దాని కీళ్లలోని రబ్బరు తొడుగులను. యాభై ఏళ్ల రబ్బరు మెత్తబడితే, బ్రేకు పడ్డప్పుడు ఆ చేయి మొత్తం ఒక వెంట్రుకవాసి వెనక్కి జరుగుతుంది, దాంతో చక్రం దిశే మారిపోతుంది. అప్పుడు బ్రేకు కాదు లాగేది, చక్రమే పక్కకి చూస్తోందన్నమాట. దీని గుర్తేమిటంటే యాక్సిలరేటర్ గట్టిగా ఇచ్చినప్పుడు, వదిలినప్పుడు కూడా స్టీరింగ్ నిలకడగా ఉండదు. చాలామంది అవే కొలతలున్న ఎంజీబీ వి8 మోడల్ బుష్‌లు వేయించుకుంటారు, వాటిలో లోహపు తొడుగు ఉంటుంది.

వెనక బ్రేకు తేడా చేస్తే అనుభవం వేరు. ఇరుసు సీలు కారి ఒక వెనక డ్రమ్ములోకి ఆయిల్ చేరిందనుకోండి, స్టీరింగ్‌లో ఏమీ తెలియదు, కానీ కారు తోక పక్కకి జరుగుతుంది. ముందుది చేతులకి తెలుస్తుంది, వెనకది సీటుకి తెలుస్తుంది. నాకు తెలిసింది చేతులకే.

చేతులకి అంతగా ఎందుకు తెలుస్తుందంటే, ఆ కాలపు కార్ల జ్యామితి అలాంటిది. ముందు చక్రం ఏ కీలు చుట్టూ తిరుగుతుందో ఆ గీతను కింది దాకా పొడిగిస్తే, అది టైరు మధ్యలో కాక కాస్త లోపలివైపు నేలను తాకుతుంది. ఆ దూరం ఐదు సెంటీమీటర్లనుకుందాం. బ్రేకు పడగానే నేల ఆ టైరును వెనక్కి లాగుతుంది కాబట్టి చక్రం బయటికి తిరగాలని చూస్తుంది. ఎడమ చక్రం ఎడమకి, కుడి చక్రం కుడికి. రెండు బలాలూ సమానమైతే స్టీరింగ్ రాడ్‌లో ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, డ్రైవర్‌కి ఏమీ తెలియదు. ఎడమది వంద కిలోల బలం ఎక్కువ అయితే ఆ తేడా మొత్తం స్టీరింగ్ చక్రం దాకా వస్తుంది. 1972లో వచ్చిన ఆడి 80 ఈ గీతను టైరు మధ్య నుంచి బయటికి జరిపింది. అప్పుడు తేడా వచ్చినా స్టీరింగ్ దానంతటదే ఎదురు తిరిగి సర్దుతుంది. మన కొత్త కార్లలో చాలావాటికి ఆ సుఖముంది. పాత స్పోర్ట్స్ కారుకి అందం కోసం వెడల్పు రిమ్ములు వేయించేవాళ్లు, టైరును ఇంకా బయటికి నెట్టి ఆ ఐదు సెంటీమీటర్లను పెంచుకుంటున్నామని గమనించరు. నిన్నటిదాకా తెలియని చిన్న లాగుడు రిమ్ములు మార్చిన మర్నాడే పెద్దదవుతుంది, నింద మాత్రం బ్రేకు మీద పడుతుంది.

డ్రమ్ముల కాలంలో

మా పెదనాన్నగారి అంబాసిడర్ గుర్తొస్తోంది. దానికీ నా ఎంజీబీకీ చుట్టరికం కూడా ఉంది. అంబాసిడర్ పెట్రోల్ బండ్లలో ఏళ్ల తరబడి వేసిన 1489 సీసీ ఇంజన్, ఎంజీబీలోని 1798 సీసీ ఇంజన్, రెండూ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి-సిరీస్ కుటుంబానివే. ఆ అంబాసిడర్‌కి నాలుగు చక్రాలకీ డ్రమ్ములే. తెనాలి దారిలో వానాకాలం ఏ చప్టానో దాటాక మొదటిసారి బ్రేకు తొక్కితే ఎటు పోతుందో దేవుడికే ఎరుక. డ్రైవర్ నీళ్లు దాటగానే ఎడమకాలితో బ్రేకు మీద సన్నగా ఆనించి కొంత దూరం నడిపేవాడు, లైనింగులు (షూల మీది రాపిడి పొరలు) ఆరేదాకా. చిన్నప్పుడు అదేదో అతని స్టైల్ అనుకునేవాణ్ణి.

డ్రమ్ములు అంత మొండివి కావడానికి కారణం వాటి బలమే. డ్రమ్ము తిరిగే వేగమే షూని మరింత గట్టిగా తనలోకి లాక్కుంటుంది. తొక్కిన దానికి రెట్టింపు పట్టు వస్తుంది, సంతోషమే. కానీ ఒక లైనింగు తడిసి రాపిడి కాస్త తగ్గితే, ఆ తగ్గుదల కూడా రెట్టింపవుతుంది. డిస్కులో ఈ వడ్డీ లెక్క లేదు. ప్యాడ్ రాపిడి పదో వంతు తగ్గితే పట్టూ పదో వంతే తగ్గుతుంది. 1953లో లె మాన్స్ 24 గంటల పందెంలో జాగ్వార్ సి-టైప్ డిస్కులతో గెలిచిందంటే, గట్టిగా ఆగడం ఒక్కటే కాదు, ప్రతిసారీ ఒకేలా ఆగడం కూడా అందుకు కారణం. మూడేళ్లు తిరిగేసరికి ట్రయంఫ్ టీఆర్3 ముందు చక్రాలకి డిస్కులు వచ్చేశాయి.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, డిస్కులున్న కారు స్పష్టంగా లాగుతోందంటే తేడా చిన్నది కాదు. ప్యాడ్ల మీద వేలిముద్ర పడితేనో, కొద్దిగా దుమ్ము పడితేనో రాదు. ఏదో ఒకటి గట్టిగా చెడి ఉండాలి.

ఎప్పుడు లాగుతోంది?

ఎటు లాగుతోందన్న ప్రశ్న కంటే ఎప్పుడు లాగుతోందన్న ప్రశ్నకే విలువ ఎక్కువ. ఇది తెలియడానికి నాకు రెండు వారాలు పట్టింది.

తొక్కినంతసేపూ, మొదటి నుంచి చివరిదాకా ఒకేలా లాగితే అది రాపిడి తేడా. ఒకవైపు ప్యాడ్‌కి బేరింగు గ్రీజో, కారిన బ్రేక్ ఆయిలో అంటి ఉంటుంది. లేదా రెండువైపులా వేరువేరు రకం ప్యాడ్లు ఉంటాయి. లేదా నాలుగు ప్యాడ్లలో ఒకదాని వెనక పిస్టన్ కదలడం లేదు. ఎంజీబీ క్యాలిపర్‌లో డిస్కుకి అటొకటి ఇటొకటి రెండు పిస్టన్లుంటాయి. ఒకటి బిగుసుకుంటే రెండోది ఒక్కటే ఒకవైపు నుంచి ఒత్తుతుంది, పట్టు సగానికి సగం పోతుంది. ప్యాడ్లు బయటికి తీసి పక్కపక్కన పెడితే ఇది దాగదు: ఒకటి అరిగి బిళ్లలా ఉంటుంది, రెండోది కొత్తదిలా మందంగా ఉంటుంది. గ్రీజు పీల్చిన ప్యాడ్‌ని పెట్రోల్‌తో కడిగి, పొయ్యి మీద కాల్చి మళ్లీ వేసేవాళ్లని చూశాను. వద్దు. వేడెక్కగానే లోపలి గ్రీజు మళ్లీ పైకి తేలుతుంది. ప్యాడ్లు మార్చితే రెండువైపులా మార్చాలి, ఒకే డబ్బాలోవి వేయాలి. పాత ప్యాడ్ల దుమ్మును ఊదకండి, గాలి గొట్టం అసలే పెట్టకండి. బ్రిటన్‌లో ఆస్బెస్టాస్‌ను పూర్తిగా నిషేధించింది 1999లో. అంతకు ముందు షెడ్డులో మూలపడ్డ కారులో ఏ ప్యాడ్లున్నాయో ఎవరు చూడొచ్చారు? తడిగుడ్డతో తుడవడం మేలు.

చల్లగా ఉన్నప్పుడు బాగుండి, ఘాట్ రోడ్డు దిగాక లాగడం మొదలైతే అది వేడి తేడా. ఒకవైపు అప్పటికే ఎక్కువ కాగుతోందన్నమాట. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. గాలిలో తేమ పీల్చి పాతబడితే ఆ హద్దు 155కి దిగుతుంది. తేమ చేసే నష్టం అక్కడితో ఆగదు, లోపల తుప్పు పట్టిస్తుంది. క్లాసిక్ కార్లు ఏడాదిలో పది నెలలు కవరు కప్పుకుని నిద్రపోతాయి కాబట్టి వాటికిది ఎక్కువ. రోజూ తిరిగే టాక్సీ పిస్టన్ బిగుసుకోదు, ఆదివారం కారు పిస్టన్ బిగుసుకుంటుంది.

మూడోది, తొక్కిన తొలి క్షణంలో లాగి, ఆ తర్వాత సర్దుకోవడం. నాది ఇదే. ఇది రాపిడి తేడా అయ్యే వీల్లేదు. ప్యాడ్ చెడ్డదైతే అర సెకను తర్వాత మంచిదైపోదు కదా. ఒకవైపు బ్రేకు ఆలస్యంగా వస్తోంది, చివరికి వస్తోంది. ఒత్తిడి దారిలో ఎక్కడో ఇరుకుంది.

ఈ మధ్యలో ఒక చిత్రం జరిగింది. ఇంగ్లండ్‌లో నలభై ఏళ్లు దాటిన కార్లకి, పెద్ద మార్పులు చేయకపోతే, బండి రోడ్డుకి తగిందేనా అని ఏటేటా చేసే ఎంఓటీ పరీక్ష తప్పనిసరి కాదు. అయినా చక్రాలను తిప్పి బ్రేకు పట్టు కొలిచే రోలర్ల మీద పెట్టి చూడమని ఒక స్టేషన్‌కి తీసుకెళ్లాను. ముందు రెండు చక్రాల్లో తక్కువ పట్టున్నది ఎక్కువ ఉన్నదానిలో 70 శాతానికి తగ్గితే ఫెయిల్. నాది తొంభై దాటింది! మీ బ్రేకులు భేషుగ్గా ఉన్నాయని కాగితం చేతిలో పెట్టి పంపారు. వాళ్ల తప్పేమీ లేదు. రోలర్ల మీద పెడల్‌ని నెమ్మదిగా, క్రమంగా తొక్కుతారు. ఇరుకు దారిలో కూడా ఒత్తిడి తీరిగ్గా చేరుకుంటుంది, మీటరులో రెండు ముళ్లూ కలిసే పైకి లేస్తాయి. రోడ్డు మీద కుక్క అడ్డమొచ్చినప్పుడు మనం అలా తొక్కం.

అసలు ఆధారం మా ఆవిడ ఇచ్చింది. పక్క సీట్లో కూర్చుని ఫోన్ చూసుకుంటూనే, "బ్రేకు వదిలినప్పుడు మీ వైపుకి ఒరుగుతోందేంటి?" అంది. ఒరగడం లేదన్నాను. మళ్లీ తొక్కి వదిలాను. ఒరిగింది. తొక్కగానే ఎడమకి, వదలగానే కుడికి. బ్రేకు వదిలేటప్పుడు ఏమవుతోందో ఇన్ని రోజులూ నేను పట్టించుకోనే లేదు. ఆగడమే మన ఆందోళన, ఆగాక ఇంకేం చూస్తాం?

ఇంటికి వెళ్లి ఉష్ణోగ్రత చూసే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ తీశాను. పది కిలోమీటర్లు బ్రేకు వీలైనంత తక్కువ వాడుతూ నడిపి, గేర్లతోనే వేగం తగ్గించి, చివర హ్యాండ్‌బ్రేక్ వేసి ఆపాను. మెరిసే డిస్కు మీద పెడితే ఆ పరికరం అబద్ధం చెబుతుంది, అందుకని రెండువైపులా క్యాలిపర్ మీద ఒకేచోట చూశాను. ఎడమ 38 డిగ్రీలు, కుడి 71. ఒక్క క్షణం బుర్ర తిరిగిపోయింది. ఎడమకి లాగుతోందంటే కుడిది పట్టడం లేదని కదా లెక్క? పట్టని బ్రేకు ఎందుకు కాగింది?

కుడివైపు దారి ఇరుకుగా ఉందనుకుంటే రెండూ అతుకుతాయి. తొక్కినప్పుడు ఆయిల్ లోపలికి ఆలస్యంగా వెళ్తుంది, అందుకే మొదట ఎడమ లాగుడు. వదిలినప్పుడు అదే ఇరుకులోంచి ఆలస్యంగా వెనక్కి వస్తుంది. ఎడమది వదిలేశాక కూడా కుడి ప్యాడ్లు కొంతసేపు డిస్కును పట్టుకునే ఉంటాయి, అందుకే తర్వాత కుడి లాగుడు, అందుకే ఆ వేడి.

పిస్టనా, గొట్టమా?

అయితే ఆలస్యంగా పట్టి ఆలస్యంగా వదిలేవి రెండున్నాయి. తుప్పు పట్టి బరువుగా కదిలే పిస్టన్ ఒకటి, లోపల పూడుకున్న రబ్బరు హోస్ పైపు ఇంకొకటి.

పిస్టన్‌ని వెనక్కి లాగే స్ప్రింగు ఏదీ డిస్క్ బ్రేకులో లేదు. ఆ పని చేసేది దాని చుట్టూ గాడిలో కూర్చున్న రబ్బరు సీలు. పిస్టన్ ముందుకి జరిగినప్పుడు సీలు దాన్ని పట్టుకునే కాస్త మెలిపడుతుంది. ఒత్తిడి పోగానే మామూలు ఆకారానికి వస్తూ పిస్టన్‌ని తనతో పాటు వెనక్కి తీసుకొస్తుంది, మిల్లీమీటరులో పదోవంతో ఎంతో. అంత సున్నితమైన పని కాబట్టే పిస్టన్ మీద పిన్నుమొనంత తుప్పు గుంటలు పడ్డా, దాని మీది రబ్బరు తొడుగు (బూటు) చిరిగి లోపలికి నీళ్లు దిగినా అది ఆగిపోతుంది. బ్రేక్ ఆయిల్ తగ్గిందని ఇంజన్ ఆయిల్ పోసినవాళ్లు కూడా ఉన్నారు. ఆ సీళ్లు ఉబ్బి, నాలుగు చక్రాలూ పట్టేసి బండి కదలదు.

ఇక హోస్ పైపు. ఛాసిస్ నుంచి చక్రానికి వెళ్లే దారిలో, స్టీరింగ్ తిరిగేందుకు వీలుగా ఉండే రబ్బరు ముక్క. ఇది పొరలు పొరలుగా ఉంటుంది. బయట నల్లగా, పగుళ్లు లేకుండా, నిన్న కొన్నట్టుండొచ్చు. లోపలి పొర మాత్రం ఏళ్ల తరబడి ఆయిల్‌లో నాని ఉబ్బుతుంది, ఒక్కోసారి చీలి నాలుకలా వేలాడుతుంది. బయటి నుంచి చూసి కనిపెట్టడం ఎవరి వల్లా కాదు. స్టీల్ అల్లిక ఉన్న గొట్టాలైనా అంతే, లోపలి పొర కంటికి కనబడదు. పని చేసేటప్పుడు ఆయిల్ కారకుండా పాత గొట్టాన్ని క్లాంపుతో బిగించే అలవాటు కొందరికుంది, ఆ నాలుక అక్కడే పుడుతుంది.

రెండింటిలో దొంగ ఎవరో తేల్చే పరీక్షకి ఒక్క పైసా ఖర్చు లేదు, రెండు పానాలు చాలు. కారును స్టాండ్ల మీద నిలబెట్టి (ఒక్క జాకీని నమ్ముకుని కింద కూర్చోవద్దు), కళ్లద్దాలు పెట్టుకుని, మా అబ్బాయిని గట్టిగా తొక్కి వదలమన్నాను. వదిలిన వెంటనే కుడి చక్రం తిప్పి చూశాను, బిగుసుకుని ఉంది. క్యాలిపర్ మీది బ్లీడ్ నిపుల్‌ని పావు మలుపు వదులు చేశాను. సన్నగా చిమ్మింది, చక్రం చటుక్కున వదిలేసింది. అంటే లోపల ఒత్తిడి చిక్కుకుని ఉంది. పిస్టన్ తుప్పుతో పట్టేసి ఉంటే ఆయిల్ పోయినా చక్రం వదిలేది కాదు.

నిపుల్ బిగించి మళ్లీ తొక్కి వదలమన్నాను. ఈసారి నిపుల్ జోలికి వెళ్లకుండా, హోస్‌కి పైన, ఇనప పైపు దానితో కలిసే జాయింటును వదులు చేశాను. నాలుగు చుక్కలు కారాయి. చక్రం వదల్లేదు. జాయింటు దగ్గర ఒత్తిడి లేదు, క్యాలిపర్‌లో ఉంది. మధ్యలో ఉన్నది హోస్ ఒక్కటే.

అక్కడ చక్రం వదిలి ఉంటే ఏమని అర్థం? ఒత్తిడి పైనుంచే, పెడల్ తొక్కితే ఒత్తిడి పుట్టించే మాస్టర్ సిలిండర్ నుంచే వస్తోందని. పెడల్ రాడ్‌కి ప్లే లేకపోతే అలా అవుతుంది. కానీ అప్పుడు ముందు చక్రాలు రెండూ పట్టేయాలి. ఒక్కటే పట్టేస్తే మాస్టర్ సిలిండర్‌ని అనుమానించడం దండగ. ఈ ఒక్క ముక్క తెలియక మాస్టర్ సిలిండర్ మార్పించుకున్నవాళ్లు నాకు తెలిసే ఇద్దరున్నారు.

కొత్త హోస్ వేయడం గంట పని. బిగించేటప్పుడు మెలిక పడకూడదు. పూర్తిగా అటూ ఇటూ స్టీరింగ్ తిప్పి, టైరుకి గానీ సస్పెన్షన్‌కి గానీ రాసుకోవడం లేదని చూసుకోవాలి. కారిన బ్రేక్ ఆయిల్‌ని వెంటనే నీళ్లతో కడగాలి, లేకపోతే పెయింట్ ఊడిపోతుంది. నా కారు కుడి మడ్‌గార్డ్ లోపల అరచేయంత మేర ఊడింది కూడా. ఆ తర్వాత చేసిన బ్లీడింగ్ మాత్రం అవసరమైనదే. మళ్లీ ఆ పార్కింగుకి వెళ్లి తొక్కాను. తిన్నగా ఆగింది. వదిలాను, తిన్నగా కదిలింది. థర్మామీటర్‌లో రెండువైపులా రెండు డిగ్రీల తేడా కూడా లేదు.

హోస్‌లు జతగానే మార్చాలి కాబట్టి ఎడమది కూడా తీసేశాను. సాయంత్రం రెండింటినీ బల్ల మీద పెట్టి, బ్లేడుతో నిలువునా కోశాను. కుడిదాంట్లో లోపలి రబ్బరు ఉబ్బి, ఒకచోట పొర లేచి దారికి అడ్డంగా పడి ఉంది. మిగిలిన సందులో గుండుసూది దూరింది, అగ్గిపుల్ల దూరలేదు. తర్వాత ఎడమది కోశాను. బాగానే ఉంటుందనుకున్నదే. దాని దారి కూడా అప్పటికే సగం పూడిపోయి ఉంది. రెండు గొట్టాలూ ఒకే వేగంతో పూడుకుపోయి ఉంటే ఆ కారు ఏనాడూ పక్కకి లాగేది కాదు, నేను చక్రం విప్పి చూసేవాణ్ణీ కాదు.